చెయ్యి తిరిగిన మనిషి

మా ఆడపడుచు మనుషుల మొహాలు గుర్తుపెట్టుకోదు. భుజాలు గుర్తుపెట్టుకుంటుంది. వీధిలో ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే ముందు వాళ్ళ మెడ దగ్గర చూస్తుంది, అక్కణ్ణుంచి నడుము దాకా దిగుతుంది, అప్పటికి గానీ ఆ మనిషెవరో తట్టదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్నూ అలాగే పైనుంచి కిందికి చూసింది. ఇంత పిల్లకి ఎంత పొగరు అనుకున్నాను. "వదినా, నీ కుడి భుజం దిగింది, చిన్నప్పుడు బరువులు మోశావా?" అని నలుగురిలో అడిగింది. మోశాను. అయినా కొత్త కోడల్ని అడగాల్సిన మాటా అది? ఊళ్ళో అందరూ ఆమెను కొలతలమ్మ అనేది ఇందుకే.

ఆమెది రోడ్డు మీదికి తెరుచుకునే ఒక్క గది. కిటికీ కింద మిషను, గోడకు మేకులు, మేకులకు సగం కుట్టిన చొక్కాలూ గౌన్లూ. మాట్లాడదు. ఎప్పుడూ పళ్ళ మధ్య గుండుసూదులుంటాయి మరి. భర్త లారీ క్లీనరు నుంచి డ్రైవరయ్యాడు, డ్రైవరు నుంచి గోడ మీద ఫొటో అయ్యాడు. ఉన్నన్నాళ్ళూ ఇంటిపట్టున ఉన్నది తక్కువ కాబట్టి పోయాక పెద్ద తేడా తెలియలేదని ఆమే అంటుంది. ఒక్కతే కూతురు. ఆ పిల్ల వేరే ఊళ్ళో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. గుండీ ఊడితే చొక్కా పారేసే రకం.

ఊళ్ళోకి రెడీమేడ్ షాపులు వచ్చాక కొలతలమ్మకు కొత్త గుడ్డ తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. జనం షాపులో తొడుక్కుని, అద్దంలో చూసుకుని మురిసిపోయి కొంటారు. ఇంటికొచ్చి ఊపిరి వదిలితే పట్టదు. అప్పుడు గుర్తొస్తుంది కొలతలమ్మ. పొట్ట దగ్గర విప్పడం, పొడుగు తగ్గించడం, జిప్పు మార్చడం.

"నేనిప్పుడు టైలర్ని కాదు వదినా, పంక్చర్ల షాపుని" అంది ఒకరోజు.

ఆ మాట అన్న వారంలోనే మా ఊరి సేవాక్లబ్బు వాళ్ళు ఆటోకి మైకు కట్టుకుని తిరిగారు. ఆడపిల్లలకు ఉచిత కుట్టుక్లాసు పెడతారట, నేర్పడానికి జీతమిచ్చి ఒక టీచర్ని పెట్టుకుంటారట. ఆ సాయంత్రం మా ఆడపడుచు మా ఇంటికొచ్చి, నోట్లో సూదులు తీసి, కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. అలా పెట్టిందంటే పెద్ద మాటే ఉందన్నమాట.

"నాకా కుర్చీ కావాలి వదినా."

ఆ మనిషి ఫలానాది కావాలని అనగా నేను విన్నది అదే మొదలు.

"అయితే వెళ్ళి అడుగు" అన్నాను.

"నాకు అడగడానికి నోరు రాదు. నీకు బాగా వస్తుంది కదా, నువ్వెళ్ళు."

మెచ్చుకుందో తిట్టిందో తేల్చుకోలేక వెళ్ళాను.

మా ఊళ్ళో సేవాక్లబ్బు గురించి తెలియనివాళ్ళు లేరు. తెలియకుండా వాళ్ళు ఉండనివ్వరు. బస్టాపులో బల్ల వేశారు. ఆ బల్ల వెనకవైపు ఇచ్చినవాళ్ళ పేర్లూ, ఇప్పించినవాళ్ళ పేర్లూ, ప్రారంభించినవాళ్ళ పేర్లూ ఉబ్బెత్తు అక్షరాలతో చెక్కించారు. ఎండాకాలంలో పల్చని చొక్కాతో కాసేపు ఆనుకుని కూర్చుంటే లేచేసరికి వీపు మీద ఒక మాజీ ప్రెసిడెంటు అచ్చు పడతాడు. ప్రమాదాలు జరక్కుండా మెరిసే స్టిక్కర్లు అంటించే కార్యక్రమమని ఒక ఆదివారం బయల్దేరారు. సైకిళ్ళకూ బళ్ళకూ అంటించాక ఇంకా మిగిలితే స్తంభాలకూ, గేట్లకూ, మా గుమ్మం ముందు పడుకునే కుక్క మెడపట్టీకీ అంటించి పోయారు. చీకటి పడితే వీధిలో మనిషి కనపడడు గానీ క్లబ్బు కనపడుతుంది.

ఏడాదికో ప్రెసిడెంటు మారతాడు. ఒకాయన పెట్టింది ఇంకొకాయన ముట్టుకోడు. ముట్టుకుంటే పాతాయనకి పేరొస్తుంది కదా. మంచినీళ్ళ ప్రెసిడెంటు దిగిపోగానే కుళాయిలు ఎండిపోయాయి. చెట్ల ప్రెసిడెంటు వచ్చి ఆ కుళాయిల చుట్టూ మొక్కలు నాటాడు. ఆయనా దిగిపోయాడు. మొక్కల సంగతి మేకలకు తెలుసు. నేను వెళ్ళిన ఏడాది ప్రెసిడెంటు బాత్రూం టైల్సు అమ్మే ఆయన.

క్లబ్బు హాలు బ్యాంకు పైన మేడ మీద. మెట్ల పొడుగునా ఫొటోలు, అన్నింట్లోనూ ఒకటే వరస. మధ్యలో ఇచ్చే వస్తువు, చుట్టూ ఇచ్చేవాళ్ళ చేతులు. పుచ్చుకునే మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. నేను వెళ్ళేసరికి హాల్లో సెక్రటరీ ఒక్కడే ఉన్నాడు. పళ్ళ డాక్టరు, కుర్రాడు. చిన్నప్పటినుంచీ ఎక్కడో హాస్టళ్ళలో ఉండి చదువుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ, అద్దెకు తెచ్చుకున్నట్టు జాగ్రత్తగా వాడతాడు.

"రండి ఆంటీ, కూర్చోండి" అన్నాడు.

నా వయసుకు ఆంటీ ఏమిటో. పని మీద వచ్చాను కాబట్టి మింగేశాను.

"మా ఆడపడుచు గురించి చెబుదామని వచ్చాను బాబూ. కుట్టుక్లాసు పెడుతున్నారని విన్నాం. ఆమె చెయ్యి తిరిగిన మనిషి."

కుర్రాడు కలం కింద పెట్టేశాడు. "అయ్యో!" అన్నాడు.

ఈ కాలం వాళ్ళు అయ్యో దేనికంటారో, ఆహా దేనికంటారో మనకేం తెలుసు? మెచ్చుకున్నాడనుకున్నాను.

"ఏ చెయ్యండీ?"

"ఏ చెయ్యేమిటి నాయనా! రెండు చేతులూను."

"రెండూనా! ఎప్పట్నుంచీ?"

"పదేళ్ళ పిల్లప్పట్నుంచీ."

"అంటే పుట్టుకతో కాదన్నమాట."

"పుట్టుకతో ఎవరికొస్తుంది? పొద్దస్తమానం మిషను మీద కూర్చుంటే వచ్చింది. వాళ్ళమ్మకీ అంతే. ఆవిడదైతే ఇంకా తిరిగిన చెయ్యి. పక్క ఊళ్ళనుంచి పని కట్టుకుని చూడ్డానికొచ్చేవాళ్ళు."

"హెరిడిటరీ" అని నాలిక చప్పరించాడు. "మరి వీళ్ళ పిల్లలకి?"

"ఒక్కతే కూతురు. దానికి రాలేదు బాబూ. ఎంత మొత్తుకున్నా రాలేదు."

"పోన్లెండి, అదృష్టవంతురాలు."

"అదేం మాటయ్యా! రాలేదని వాళ్ళమ్మ ఏడవని రోజు లేదు."

కుర్రాడు నా మొహంలోకి వింతగా చూశాడు. తర్వాత ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆవిడ పని ఆవిడ చేసుకోగలరా?"

"తన పనేమిటి, ఊరందరి పనీ చేస్తుంది!"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చి నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఇంకేం చెప్పొద్దు ఆంటీ. ఎంత గుండె నిబ్బరం! ఆదివారం మా ఫంక్షను. ఆవిణ్ణి తీసుకురండి. స్టేజీ మీదే కుర్చీ వేయిస్తాను."

"మరి క్లాసు సంగతి?"

"అంతా అక్కడే అనౌన్సు చేస్తాం."

స్టేజీ మీద కుర్చీ అంటే ఇంకేం అనుకుంటాం? నా మాటలో ఏ వంకరా లేదు. ఇప్పటికీ అదే అంటాను. విన్న చెవి వంకరైతే నేనేం చేసేది?

ఆదివారం మా ఆడపడుచు తనకోసం ఒక తెల్ల జాకెట్టు కుట్టుకుని, ఇస్త్రీ చేసుకుని వచ్చింది. తన ఒంటికి తాను కొలత తీసుకుని ఎన్నేళ్ళయిందో. హాలు నిండిపోయింది. క్లబ్బు వాళ్ళందరూ పసుప్పచ్చ కోట్లు వేసుకుని, ఆ కోట్ల నిండా బిళ్ళలు గుచ్చుకుని తిరుగుతున్నారు. ముందు ఒకాయన సుత్తితో గంట కొట్టాడు. గంట కొట్టినందుకు చప్పట్లు. ఎవరో ఫ్యాను వేశారు, చప్పట్లు. మైకు మోగింది, దానికీ చప్పట్లు. నా పక్కన కూర్చున్నావిడ తుమ్మితే నాకు భయం వేసింది.

స్టేజీ మీద మా ఆడపడుచుకు ఒకవైపు చేతికర్ర పట్టుకున్న ఒకాయన, ఇంకోవైపు నల్లకళ్ళద్దాల ముసలావిడ. కర్ర పట్టుకున్నాయన వడ్రంగం నేర్పడానికి వచ్చాడేమో అనుకున్నాను. మా ఆడపడుచు మాత్రం టైల్సు ప్రెసిడెంటు కోటు భుజాలు చూస్తూ కూర్చుంది.

కర్ర ఆయనకు కొత్త కర్ర ఇచ్చారు. కళ్ళద్దాలావిడకు చేతి గడియారం ఇచ్చారు, నొక్కితే టైము చెబుతుందట. నేను కుర్చీలోంచి సగం లేచాను. అంతలో టైల్సు ప్రెసిడెంటు గొంతు పెంచాడు.

"ఇప్పుడు ఒక వీరవనితను పరిచయం చేస్తున్నాను! రెండు చేతులూ మెలితిరిగిపోయినా గుండె వంగని మహిళ! తల్లి నుంచి వచ్చిన జబ్బు! అయినా ఊరందరి పనీ చేస్తుంది! ఈమెకు మన క్లబ్బు తరఫున పొడుగు పిడి చెంచా, వస్తువులు అందుకునే పట్టకారు, మూత ఊడని గ్లాసు!"

హాలంతా చప్పట్లు. నా పైప్రాణాలు పైనే పోయాయి. మా ఆడపడుచు లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తోచక, ఇచ్చేది పుచ్చుకోవడానికి రెండు చేతులూ చాపింది. చక్కగా, నున్నగా, గజం బద్దల్లా ఉన్నాయి చేతులు.

చప్పట్లు మధ్యలో తెగిపోయాయి. ఫొటో తీసేవాడు కెమెరా దించి, "సార్, వంకర కనపడట్లేదు" అన్నాడు.

ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు వైపు చూశాడు. పళ్ళ డాక్టరు నా వైపు చూశాడు. నేను ఎవరి వైపూ చూడలేదు. ప్రెసిడెంటు మైకు మీద అరచెయ్యి మూసి, మా ఆడపడుచు చెవి దగ్గర అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ ముందు వరసలో ఉన్న నాకు వినపడింది.

"కొంచెం వంచమ్మా. ఫొటో వరకే."

మా ఆడపడుచు తన చేతుల వైపు చూసుకుంది. హాల్లోకి చూసింది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది బట్టలు ఈమె కుట్టినవే. పొద్దున్నే పేపర్లో వంకర చేతుల ఫొటో పడితే ఆ సాయంత్రానికి గుమ్మంలో ఒక్క గుడ్డ పడదు. కుర్చీ మాట దేవుడెరుగు, పంక్చర్ల షాపు కూడా మూసుకోవాలి.

"వంచనండీ" అంది.

ఆ సమయానికే ప్రెసిడెంటు మైకు మీంచి చెయ్యి తీశాడు. మాట హాలంతా పాకింది. ముందు వరసల్లో ఉన్న మాకు సరిగ్గానే అర్థమైంది. వెనక వరసల వాళ్ళకి ముందు జరిగింది తెలియదు. వాళ్ళకి వంచన అని వినిపించింది.

"వంచనా? ఎవరు చేశారమ్మా?" అని ఒకడు లేచాడు.

"క్లబ్బోళ్ళు మోసం చేశారంట!" అని ఇంకొకడు.

"నేనప్పుడే అనుకున్నా, ఆ టైల్సు చూస్తేనే తెలుస్తుంది" అని మూడోవాడు. వాడింట్లో ఆయన వేయించిన టైల్సు ఊడిపోయాయిలెండి.

కుర్చీలు కిర్రుమన్నాయి. ప్రెసిడెంటు నుదురంతా చెమటలు. "ఏం కావాలమ్మా నీకు? ఆ మాట మాత్రం అనకు" అన్నాడు.

"కుట్టుక్లాసు నాకివ్వండి" అంది మా ఆడపడుచు. నోరు రాదన్న మనిషి!

"ఇచ్చాం, ఇచ్చాం." ఆయన మైకు లాక్కున్నాడు. ఆ మనిషి బుర్ర ఎంత చురుకైనదో అప్పుడు చూశాను. టైల్సు ఊరికే అమ్ముడుపోవు. "సోదరులారా! అందుకే నేను వంచన అంటాను! విధి చేసిన వంచన! నిన్నటిదాకా మెలితిరిగి ఉన్న ఈ చేతులు ఇవాళ ఎలా ఉన్నాయో చూడండి! ఎవరి చలవ? మన క్లబ్బు సెక్రటరీ డాక్టరుగారి చలవ! ఈ బాగుపడ్డ చేతులతోనే ఈమె రేపట్నుంచి మన ఆడపిల్లలకు కుట్టు నేర్పబోతోంది!"

ఏం చప్పట్లో! వెనక లేచినవాడు కూడా కొట్టాడు. పళ్ళ డాక్టరు ముందు బిత్తరపోయాడు, తర్వాత సిగ్గుపడ్డాడు, ఆ తర్వాత లేచి నాలుగు వైపులా నమస్కారాలు పెట్టాడు. కుర్రాడు త్వరగానే నేర్చుకుంటాడు. ఫొటో తీశారు. చేతులు నిటారుగానే పడ్డాయి. పట్టకారూ చెంచా కూడా ఇచ్చి పంపారు, తిరిగి తీసుకుంటే బాగుండదని.

అలా మా ఆడపడుచుకు కుర్చీ వచ్చింది. దాంతోపాటు ఎప్పుడూ లేని జబ్బు వచ్చింది, అది నయమైపోయింది కూడా. ఊళ్ళో మెడ పట్టేసినవాళ్ళూ నడుం పట్టేసినవాళ్ళూ పళ్ళ డాక్టరు దగ్గర వరస కట్టారు. పాత ఖాతాదారులు కొందరు గుడ్డలు ఇవ్వడం మానేశారు. "ఇప్పుడిప్పుడే బాగుపడ్డ చేతులు, శ్రమ పెట్టకూడదు పాపం" అనేవాళ్ళు. ఆ పాపం అన్న నోళ్ళను ఏం చెయ్యాలో నాకు తోచేది కాదు.

క్లాసు మాత్రం బాగా సాగింది. హాలు పక్క గదిలో నాలుగు మిషన్లు. ఆడపిల్లలు పేపరు మీద చొక్కా గీసి కత్తిరించేవాళ్ళు, తప్పు వస్తే ఆమె ఏమీ అనకుండా ఆ పేపరు చొక్కాను వాళ్ళ ఒంటి మీద పెట్టి అద్దం ముందు నిలబెట్టేది. నవ్వి నవ్వి చచ్చేవాళ్ళు. కానీ క్లబ్బుకు ఎవరు అతిథి వచ్చినా ప్రెసిడెంటు ముందు ఆ గదికే తీసుకొచ్చేవాడు. "ఒకప్పుడు ఈ చేతులు..." అని మొదలుపెట్టేవాడు. ఆమె మిషను ఆపి, చేతులెత్తి, ఇటూ అటూ తిప్పి చూపించి, మళ్ళీ మిషను తొక్కేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ చేతులకు ఆ పళ్ళవాడు వైద్యుడటే? నీకు సిగ్గనిపించడం లేదూ?" అని అడిగాను.

"కొలిచి చూశాను వదినా, నా సైజు కాదు" అంది.

"నేను అందరికీ నిజం చెప్పేస్తాను."

"చెప్పు. ఆ పన్నెండుమంది పిల్లల్నీ రేపట్నుంచి నీ ఇంటికి పంపిస్తాను, నీ నోటితో కుట్టడం నేర్పుదువుగాని."

దాంతో నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో పెద్ద వార్త.

ఏడాది గడిచింది. టైల్సు ప్రెసిడెంటు దిగిపోయే రోజు వచ్చింది. ఎక్కబోయే ఆయనది మందుల షాపు. తన ఏడాదికి నడక అని పేరు పెట్టుకున్నాడు. ఊరందరూ నడవాలట, కుట్టుక్లాసు గదిలో బరువు చూసే మిషన్లు పెడతాడట. ఆ రోజు నేను కూడా వెళ్ళాను. మెట్ల దగ్గరే మా ఆడపడుచును ఆపి చెప్పాడాయన.

"అమ్మా, ఇవాళ్టితో క్లాసు సరి. ఏమనుకోకు. మంచి పనులు ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉండాలి."

"అలాగే బాబూ" అంది. గొంతులో ఏమీ లేదు. చేతులు మాత్రం కొంగు అంచును మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాయి. లోపల ఆడపిల్లలు సగం కుట్టిన బట్టలు సర్దుకుంటున్నారు. ఎవరో అప్పుడే వాళ్ళకీ చెప్పేశారు.

ఆ రోజు ముఖ్య అతిథి క్లబ్బులన్నిటికీ పై పెద్దాయన. ఆయన కోటుకు ఎన్ని బిళ్ళలున్నాయంటే, నడుస్తుంటే తాళాలగుత్తిలా చప్పుడవుతుంది. అప్పటిదాకా అలవాటైన ప్రకారం టైల్సాయన మా ఆడపడుచును స్టేజీ మీదికి పిలిచాడు. "ఒకప్పుడు ఈ చేతులు..."

ఆమె చేతులెత్తింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. అందరూ చూస్తుండగా ఎడమచేతి చిటికెనవేలు మెల్లగా లోపలికి వంగింది. పక్కవేలు దాని వెంట బయల్దేరింది.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అదేంటమ్మా?"

"ఏం లేదండీ" అంది మా ఆడపడుచు. "క్లాసు ఎత్తేస్తున్నామని చెప్పారు. అప్పట్నుంచీ ఇలా లాగుతోంది."

పళ్ళ డాక్టరు మొహం సున్నం కొట్టినట్టయింది. టైల్సాయన మందుల షాపాయన కాలు తొక్కడం నేను కళ్ళారా చూశాను. ముగ్గురూ ఒకేసారి మైకు దగ్గరికి పరుగెత్తారు. మందుల షాపాయనే ముందు అందుకున్నాడు, నడక అలవాటున్నవాడు కదా. కుట్టుక్లాసు ఇక ప్రెసిడెంట్లతో సంబంధం లేకుండా శాశ్వతంగా నడుస్తుందని ప్రకటించాడు. చప్పట్లు. చిటికెనవేలు మళ్ళీ నిలబడింది. దానికీ చప్పట్లు.

దిగి వస్తుంటే మెట్ల మీద పట్టుకున్నాను. "ఏమే, ఆ రోజు ఫొటో కోసం వంచమంటే వంచనన్నావు. ఇవాళ నీ అంతట నువ్వే వంచావేం?"

"ఆ రోజు వాళ్ళు వంచమన్నారు వదినా. ఇవాళ నేను వంచాను."

అని, పిల్లలు సర్దుకుని వెళ్ళిపోతారేమోనని మళ్ళీ పైకి పరుగెత్తింది.